వేడినీళ్ళ మీద నింద

సీసాకి మూత బిగించడం చేతుల పని అని అందరూ అనుకుంటారు. ఈ షెడ్డులో చేరకముందు మూతలక్క కూడా అలాగే అనుకుంది.

నిజానికి అది మోకాళ్ళ పని. అవతలి గోడవార మగవాళ్ళు డ్రముల కుళాయి విప్పి గడ్డిమందును సీసాల్లోకి వదులుతుంటారు. చేలల్లో కలుపును నిలువునా మాడ్చేసే మందు అది. నీలమూ పచ్చా కలిసిన రంగులో, చిక్కగా, జిడ్డుగా ఉంటుంది. నిండిన సీసాలు పొడుగాటి బల్ల మీదుగా మూతలు బిగించే ఆడవాళ్ళ దగ్గరికి వస్తాయి. గ్లౌజు తొడుక్కున్న చేత్తో ఆ ప్లాస్టిక్ సీసాను పట్టుకోవడమంటే ఒళ్ళంతా సబ్బు రాసిన చంటిపిల్లాణ్ణి పట్టుకోవడమే. మూత తిప్పబోతే సీసా కూడా దాంతోపాటే తిరుగుతుంది. అందుకని సీసాను ఒళ్ళోకి తీసుకోవాలి. మోకాళ్ళ మధ్య ఇరికించి, ఇంకాస్త లోపలికి లాక్కుని, అరచేత్తో మూతను అదిమిపట్టి టక్కుమనేదాకా తిప్పాలి. మోకాళ్ళు అలా నొక్కినప్పుడు సీసా మూతి నుంచి ఒక చుక్క పైకి ఉబికి ఒళ్ళో పడుతుంది. ప్రతి సీసా ఉమ్ముతుంది. ఉమ్మని సీసాను మూతలక్క ఇంతవరకూ చూడలేదు.

కంపెనీ లోటేమీ చెయ్యలేదు. చేతులకి గ్లౌజులిచ్చింది, కాళ్ళకి బూట్లిచ్చింది, కళ్ళకి అద్దాలూ ముక్కుకి గుడ్డా ఇచ్చింది. ఒంటి మీదకి నూలు ఏప్రాన్ ఒకటి ఇచ్చింది. అది పొద్దున్న పడిన చుక్కను సాయంత్రం దాకా భద్రంగా దాచిపెడుతుంది. మనిషికి తలా చేతులూ కాళ్ళూ ఉంటాయని తెలిసినవాళ్ళే ఎవరో కూర్చుని ఆలోచించి ఉంటారు. మధ్యలో కూడా కొంత మనిషి ఉంటుందన్న సంగతి వాళ్ళకి తట్టినట్టు లేదు.

బల్ల అంచున, ఒక్కొక్కరి ముందూ బోల్టుల కన్నాలున్నాయి. ఒకప్పుడు అక్కడ సీసా మెడను పట్టుకునే బిగింపు స్టాండ్లు ఉండేవట. రిపేరుకి వెళ్ళాయని చెప్తారు. వెళ్ళి అక్కడే కాపురం పెట్టినట్టున్నాయి, మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. ఆ కన్నాల్లో మూతలక్క తన జడపిన్నులు గుచ్చుకుంటుంది.

ఆ రోజు ఆమె స్టూలు మీద కూర్చుంటూ ఆగిపోయింది. కుడి తొడ లోపలివైపు కొన్నాళ్ళుగా మండుతోంది. మొదట ఎర్రబడింది, తర్వాత బొబ్బలు లేచాయి. నిన్న రాత్రి ఒకటి చితికింది. ఇవాళ పొద్దున్న బస్సులో నిలబడే వచ్చింది, సీటు ఖాళీగా ఉన్నా సరే. కండక్టరు ఆమెను వింతగా చూశాడు. ఖాళీ సీటు వద్దనే మనిషిని ఆయన తన సర్వీసులో చూసి ఉండడు.

మొదటి సీసా వచ్చింది. మోకాళ్ళ మధ్యకి తీసుకుంది. కళ్ళ ముందు బల్ల ఒక్కసారి తెల్లబడి మళ్ళీ బల్లయింది. టక్కుమంది. రెండోది తీసుకుంది. పక్క స్టూలు మీద సన్నక్క, ఆ పక్కన అందరూ వదినా అని పిలిచే పెద్దావిడ, చివర కొత్తమ్మాయి, ఎవరి ఒళ్ళో సీసా వాళ్ళు నొక్కుకుంటున్నారు. కొత్తమ్మాయి చేరి చాలాకాలమైంది కానీ ఆమె తర్వాత ఇంకెవరూ చేరలేదు. కొత్తదనం ఆమెను వదలకుండా పట్టుకుని ఉండిపోయింది.

టీ వేళకి మూతలక్క లేచి సూపర్‌వైజరు గదికి వెళ్ళింది. సూపర్‌వైజరుని అందరూ ఎదురుగా సారంటారు, వెనకాల ఇస్త్రీ సారంటారు. ఆయన వేసుకొచ్చే మీగడ రంగు ప్యాంటు మడతతో కూరగాయలు తరుక్కోవచ్చు. అలాంటి ప్యాంటుతో గడ్డిమందు షెడ్డులో ఏళ్ళకేళ్ళు మరక పడకుండా తిరగడం ఒక విద్యే. చెడ్డవాడు కాదు. ఎవరి ఇంట్లోనైనా చావు జరిగితే వచ్చి నిలబడతాడు. పెద్దాఫీసు నుంచి ఫోనొస్తే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాడు. అవతలివాళ్ళకి కనిపించదని ఆయనకి తెలియక కాదు.

కాలు కాలింది సార్ అని చెప్పింది ఆమె.

"ఏదీ?" అంటూ ఆయన బల్ల మీదుగా వంగి ఆమె పాదాలు చూశాడు. అవి బూట్లలో క్షేమంగా ఉన్నాయి.

"పైన సార్."

ఆయన చూపు మోకాళ్ళ దాకా వచ్చింది.

"ఇంకా పైన."

చూపు చప్పున ఎగిరి గోడ మీది గడియారం మీద వాలింది. ఆ మాటలు అయ్యేదాకా అక్కణ్ణించి దిగలేదు.

సీసా ఒళ్ళో పెట్టుకుంటామని, చుక్క పడుతుందని, బట్ట తడిసి ఒంటికి అంటుకుని ఉంటుందని ఆమె గోడకీ గడియారానికీ సమానంగా చెప్పుకొచ్చింది. ఒళ్ళో ఎవరు పెట్టుకోమన్నారని ఆయన అడిగాడు. ఎవరూ పెట్టుకోమనలేదు. అది నిజమే. సాయంత్రానికి ఇన్ని పెట్టెలు కావాలని మాత్రమే అన్నారు.

"చేతులతో చేసే పనికి తొడలు కాలడమేంటమ్మా? ఎవరైనా వింటే నవ్విపోతారు," అన్నాడు గడియారంతో.

తర్వాత గొంతు తగ్గించాడు. పనిలో కాలిందని అంటే పైనుంచి మనుషులొస్తారు, గ్లౌజులిచ్చాక ఇలా ఎందుకు చేశారని ముందు ఆమెనే అడుగుతారు, నేర్పిన పద్ధతిలో చెయ్యలేదని పక్కన పెడతారు. ఆయన చేతుల్లో ఏమీ ఉండదు. ఇంట్లో వేడినీళ్ళు పడ్డాయని నర్సుకి చెబితే మందూ దొరుకుతుంది, గొడవా ఉండదు. నీ స్టూలు ఎక్కడికీ పోదు, అది నా పూచీ అన్నాడు.

ఈ బల్ల దగ్గర పొద్దున్న ఖాళీ అయిన స్టూలు మధ్యాహ్నానికి నిండుతుందని మూతలక్కకి తెలుసు. తను కూర్చున్న స్టూలు కూడా అలా నిండినదే. సరే సార్ అంది. మీదు మిక్కిలి, థాంక్స్ కూడా చెప్పింది. ఎందుకు చెప్పిందో బయటికొచ్చాక ఆలోచించింది కానీ తేలలేదు.

*

గేటు పక్కన కంపెనీ వైద్యం గది ఉంది. డాక్టరు వారంలో ఏదో ఒక రోజు వచ్చిపోతాడు, మిగతా రోజుల్లో గదంతా నర్సుదే. ఆవిడ కూడా అలసిపోయిన మనిషే. కుర్చీలో కూర్చుని కాళ్ళు రెండో కుర్చీ మీద పెట్టుకుని ఉంది, మూతలక్క రాగానే దించింది. పచ్చతెర లాగి చూసి, పాపం అంది. ఎలా అయిందని అడిగింది. వేడినీళ్ళు అంది మూతలక్క. అబద్ధం ఎంత చిన్నదంటే నోట్లో నాలిక కదిలినట్టు కూడా అనిపించలేదు.

వేడినీళ్ళకి చెయ్యవలసిందంతా నర్సు ఓర్పుగా చేసింది. దళసరిగా తెల్లటి ఆయింట్‌మెంటు పూసింది. మెత్తటి గుడ్డ పెట్టి, చర్రున చింపిన పట్టీతో బిగించి కట్టింది. నాలుగు రోజులు తడి తగలనివ్వకు అని చెప్పింది.

మూతలక్క తడి తగలనివ్వలేదు. స్నానం చేసేటప్పుడు కాలు ఒకటి బయటపెట్టి, కొంగలా ఒంటికాలి మీద నిలబడి చేసింది. షెడ్డులో మాత్రం సీసాలు ఉమ్ముతూనే ఉన్నాయి. ఇదివరకు ఆ చుక్కల్ని ఏప్రాన్ తాగేది, దాని కింద బట్ట తాగేది. ఇప్పుడు వాటి కింద మెత్తటి దూదీ గుడ్డా ఉన్నాయి, తాగడానికే పుట్టినట్టు.

మర్నాటి సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి గుమ్మంలో మొగుడు ఎదురయ్యాడు. ఆయన రాత్రిళ్ళు ఒక గోదాముకి కాపలా. ఆమె వచ్చే వేళకి ఆయన వెళ్తాడు, ఆయన వచ్చే వేళకి ఆమె వెళ్తుంది. గుమ్మం దగ్గర కలుసుకునే దంపతులు. నడక అదోలా ఉందేమిటని అడిగాడు. బూటు కరిచింది అంది. జాగ్రత్త అని చెప్పి బస్సు కోసం పరిగెత్తాడు.

అత్తగారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. వంటింటి గుమ్మానికి చేరగిలబడి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కోడలు చెప్పులు విప్పి, గోడ పట్టుకుని లోపలికొచ్చేదాకా చూసింది.

"ఏమే, ఒక కాలితో ఒక కాలికి మాటల్లేవా? అంత దూరదూరంగా నడుస్తున్నాయి?"

ఏం లేదత్తయ్యా అంటూ కోడలు కూర్చోబోయి, కూర్చోలేక, గోడకి ఆనుకుంది. అత్తగారు ఈనె తీయడం ఆపింది. చూపించమంది. కోడలు తల అడ్డంగా ఊపింది. నువ్వు పురుడు పోసుకున్నప్పుడు ఈ గదిలో ఎవరున్నారనుకున్నావు, సిగ్గుపడే వేళ ఎప్పుడో దాటింది అని అత్తగారు గుర్తుచేసింది. అప్పుడు తప్పక, వేడినీళ్ళు పడ్డాయి, కంపెనీ నర్సుకి చెబితే కట్టు కట్టింది అంది కోడలు. నిన్న ఒకసారి అనేసిన అబద్ధం కావడంతో అలవాటుగా వచ్చేసింది.

అత్తగారు చిక్కుళ్ళ గిన్నె పక్కకి జరిపింది.

"ఎవరి నీళ్ళు?"

కోడలు కొంగు సర్దుకుంది.

"ఈ ఇంట్లో నీళ్ళు కాచేది నేను. బకెట్లో కలిపేది నేను. చెయ్యి ముంచి చూడకుండా నీకు ఒక్కనాడైనా ఇచ్చానా? నా నీళ్ళు నీ మీద ఎప్పుడు పడ్డాయే?"

కోపం కాదు అది, పరువు. ఏళ్ళ తరబడి ఎవరికీ చురుక్కుమనకుండా నీళ్ళు కాచిన మనిషి. వంటలో ఉప్పు ఎక్కువైందంటే ఒప్పుకుంటుంది కానీ నీళ్ళ విషయంలో ఆవిడకి మచ్చలేదు. ఆ మచ్చ ఇప్పుడు కంపెనీ దాకా వెళ్ళి వచ్చిందని తెలిసింది.

కోడల్ని స్నానాలగదిలో పీట మీద కూర్చోబెట్టి, ఆవిడే కత్తెరతో కట్టు కత్తిరించింది. గుడ్డ ఊడి రానంటే నీళ్ళు పోసి నానబెట్టింది. ఊడి వచ్చింది. కింద చర్మం తెల్లగా, నానిన కాగితంలా ఉంది. అంచుల్లో పచ్చిగా ఎర్రగా ఉంది. నిన్న అరచేయంత ఉన్నది ఇవాళ కట్టు ఎంత మేర ఉందో అంత మేరా పాకింది.

అత్తగారు గుడ్డను దీపం కిందికి పట్టి చూసింది. ఆయింట్‌మెంటు తెలుపులో అక్కడక్కడా నీలమూ పచ్చా కలిసిన మరకలు.

"నా నీళ్ళకి రంగు లేదు," అంది.

ఇక కోడలు దాచలేకపోయింది. సీసా సంగతీ మోకాళ్ళ సంగతీ స్టూలు సంగతీ చెప్పేసింది. అత్తగారు వింటూనే చెంబుతో నీళ్ళు పోస్తూ ఉంది. చల్లటి నీళ్ళు, చెంబు తర్వాత చెంబు, తొందర లేకుండా. నర్సు తడి తగలనివ్వొద్దంది అత్తయ్యా అని కోడలు అనబోయింది. నర్సుకి నువ్వు ఏం చెప్పావో అదే కదా ఆవిడ చేసింది అని అత్తగారు మళ్ళీ చెంబు ముంచింది. ఆవిడకి వైద్యమేమీ తెలియదు. మరక పడితే ఆరకముందే కడగాలని మాత్రం తెలుసు, అంతే. బకెట్టు అయిపోతే ఇంకో బకెట్టు పట్టింది. మంట పూర్తిగా పోలేదు కానీ, అరుస్తున్నది కాస్తా గొణుగుడులోకి దిగింది.

మూడు రోజులాగి కట్టు మార్పించుకోడానికి నర్సు దగ్గరికి వెళ్ళాలి అంది కోడలు.

"వెళ్ళు. వెళ్ళి నా నీళ్ళ తప్పేం లేదని చెప్పు."

"చెబితే పని పోతుందత్తయ్యా."

అత్తగారు చెంబు పక్కన పెట్టింది. తడి గుడ్డతో తొడ చుట్టూ మెల్లగా అద్దింది.

"పోతే పోనీ అనే అంత ఇల్లు కాదు మనది," అంది చివరికి. "చెప్పమనీ అనలేను. కానీ ఈ కాలు పోతే ఆ స్టూలు మీద దేంతో కూర్చుంటావే?"

*

మర్నాడు కట్టు లేకుండా, తొడకి పాత మెత్తటి గుడ్డ వదులుగా చుట్టుకుని మూతలక్క పనికి వెళ్ళింది. అన్నాల వేళకి మిగతావాళ్ళు బెంచీ దగ్గరికి పోయాక, వెనకనున్న కడుక్కునే గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, అత్తగారు చేసినట్టే మగ్గుతో నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టింది. తలుపు గడియ ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని లోపలున్న మనిషి దగ్గుతోనే మూసి ఉంచాలి. ఆమె దగ్గడం మరిచిపోయింది.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. చూసింది. క్షమాపణ చెప్పి వెనక్కి పోలేదు. తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"నీక్కూడానా?" అంది.

ఆ మాట అర్థం కావడానికి మూతలక్కకి ఒక మగ్గు నీళ్ళ కాలం పట్టింది.

వదిన తను లావెక్కి తొడలు రాసుకుంటున్నాయనుకుందట. అందుకని రాత్రి తిండి మానేసింది. తిండి మానేసినా తొడలు మానలేదు. తర్వాత సన్నక్కని పిలిచారు. ఆమె ముందు తనకేమీ లేదంది, తర్వాత ఏడ్చింది. రాసుకోవడానికి ఆమెకి ఒంటి మీద కండే లేదు కాబట్టి మొగుడి మీద అనుమానపడింది. ఎక్కడో ఏదో అంటించుకొచ్చి తనకి అంటించాడని నిశ్చయించుకుని, ఆయనతో మాటలు మానేసి, పక్క వేరే వేసింది. పాపం ఆ మనిషి రోజూ నేనేం చేశానే అని అడుగుతూనే ఉన్నాడట.

"ఏమీ చెయ్యలేదా మరి?" అంది సన్నక్క, ఏడుస్తూనే, కొంచెం నిరాశగా.

కొత్తమ్మాయి సబ్బులు మార్చిందట. మార్చిన ప్రతిసారీ కొత్త సబ్బే కారణమనుకుని మళ్ళీ మార్చింది. బజార్లో ఇక మార్చడానికి సబ్బు లేదు.

నలుగురూ ఆ ఇరుకు గదిలో ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత కాలం ఒకే బల్ల దగ్గర, మోచెయ్యికి మోచెయ్యి తగిలేలా కూర్చుని, కూరలు పంచుకుని, అత్తల్నీ ఆడపడుచుల్నీ కడిగేసుకుని, ఈ ఒక్కటీ ఎవరిది వాళ్ళు ఒళ్ళో దాచుకున్నారు. ముందు వదినకి నవ్వొచ్చింది. తర్వాత అందరికీ వచ్చింది. ఎక్కువసేపు నవ్వే ఓపిక ఎవరికీ లేదు, నవ్వితే కాళ్ళు కదిలి మండుతాయి కూడాను.

ఏం చేద్దామని కొత్తమ్మాయి అడిగింది. పోయి సారుకి చెబుదామంటే వదిన పెదవి విరిచింది, నలుగురు ఆడవాళ్ళు తొడల గురించి చెబితే ఆయన గడియారం కూడా తల తిప్పుకుంటుందంది. పని ఆపేద్దామంటే సన్నక్క భయపడింది. మూతలక్క తడిసిన అంచులు పిండుకుంటూ విన్నది. ఆమెకి పోట్లాడే ఉత్సాహం ఏమీ లేదు. ఇంటికి పోయి గోడకి కాళ్ళు చాపుకుని పడుకోవాలని ఉంది.

"ఇది చేతులతో చేసే పని అన్నాడు సారు," అంది. "చేతులతోనే చేద్దాం."

*

చేతులతో చేశారు. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. సీసాను బల్ల మీద పెట్టి, ఒక చేత్తో మెడ పట్టుకుని, రెండో చేత్తో మూత తిప్పారు. సీసా తిరిగింది. మళ్ళీ పట్టుకున్నారు. మళ్ళీ తిరిగింది. ఒకరి సీసాను ఇంకొకరు పట్టుకుంటే కాస్త నయం, అప్పుడు ఇద్దరికి ఒక సీసా. నింపిన సీసాలు బల్ల మీద ఆగిపోయాయి, వాటి వెనక మరికొన్ని, ఆ వెనక మరికొన్ని. చోటు లేక మగవాళ్ళు కుళాయి కట్టేసి బీడీలకి బయటికి నడిచారు. ఇన్నాళ్ళూ ఆ షెడ్డుని నడిపించింది ఎవరి మోకాళ్ళో సాయంత్రం కాకముందే అందరికీ కనిపించింది. కాకపోతే అలా ఎవరూ అనుకోలేదు. ఆడవాళ్ళు బద్ధకిస్తున్నారనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం లారీ వచ్చి నిలబడింది. డ్రైవరు హారను కొట్టి, దిగి, గోడకి చేరబడి, మళ్ళీ ఎక్కి హారను కొట్టాడు. ఇస్త్రీ సారు గదిలో ఫోను మోగింది. ఆయన నిలబడి మాట్లాడి, అదే ఊపులో షెడ్డులోకి వచ్చాడు.

ఏమైందని అడిగాడు. చేతులతో చేస్తున్నాం సార్ అంది వదిన, చాలా వినయంగా. ఆయన మూతలక్క వైపు చూశాడు. ఆమె సీసా మెడ పట్టుకుని తిప్పుతోంది. సీసా తిరుగుతోంది.

మనసుంటే ఇంత సేపు పట్టదన్నాడు ఆయన. కొత్తమ్మాయిని లేవమని, ఆమె స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చునే ముందు ప్యాంటును మోకాళ్ళ దగ్గర రెండు వేళ్ళతో కొంచెం పైకి లాక్కున్నాడు, మడత నలగకుండా. గ్లౌజులు తొడుక్కున్నాడు. మొదటి సీసా ఆయన చేతిలో తిరిగింది. రెండోదాన్ని పొట్టకి ఆనించాడు, జారింది. మూడోదాన్ని చంకలో పెట్టబోయి, అందరూ చూస్తున్నారని మానేశాడు. బయట హారను మోగింది. ఆ కంగారులో ఏం చేస్తున్నాడో ఆయనకి తెలియదు. మోకాళ్ళు వాటంతట అవే తెరుచుకున్నాయి. సీసా ఒళ్ళోకి వెళ్ళింది, ఇరుక్కుంది, అరచెయ్యి మూతను అదిమింది. టక్కుమంది.

"అదీ," అన్నాడు ఆయన. ముఖం వెలిగింది. "చూశారా? ఎంతసేపు పట్టింది?"

ఆయన ఇంకోటి తీసుకున్నాడు. టక్కుమంది. ఇంకోటి తీసుకున్నాడు. పని బాగా సాగుతుంటే మనిషికి వచ్చే హుషారు ఆయనకీ వచ్చింది. మగవాళ్ళు బీడీలు ఆర్పి లోపలికొచ్చారు. లారీ నిండడం మొదలైంది. మీగడ రంగు ప్యాంటు మీద, ఒళ్ళో, చిన్న ఆకంత మరక పడింది. కాసేపటికి అది విస్తరాకంత అయింది.

వదిన పెదవులు బిగించి బల్ల కేసి చూస్తోంది. సన్నక్క కళ్ళల్లో ఎన్నాళ్ళకో ఒక మెరుపు కనిపించింది. మూతలక్కకి కూడా ఒక క్షణం తియ్యగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు. ఊరుకుంటే చాలు. తనేమీ చెయ్యనక్కర్లేదు, రాత్రికి ఆ సీసాలే చెబుతాయి.

ఆయన లేచి చేతులు దులుపుకుంటుండగా ఆమె దగ్గరికి వెళ్ళింది. ఆమెకి అత్తగారు కట్టు విప్పిన రాత్రి కళ్ళ ముందు కదిలింది, కట్టు కింద ఉడుకుతున్నట్టున్న తొడా, గోడ పట్టుకుని నిలబడ్డమూ.

"సార్, ముందు పోయి కడుక్కోండి. ఆ ప్యాంటు తీసేసి, బాగా నీళ్ళు పోసుకోండి."

ఇంతమంది ముందు ఒక ఆడమనిషి ప్యాంటు విప్పమంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మగవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకేం కాలేదు, చిన్న మరక అన్నాడు.

"ఇప్పుడేం తెలియదు సార్. అదే దీంతో వచ్చిన చిక్కు."

"నీ పని నువ్వు చూసుకో అమ్మా," అన్నాడు ఆయన. లారీ దగ్గరికి వెళ్ళి, తర్వాత ఫోను దగ్గరికి వెళ్ళి, తర్వాత కుర్చీలో కూర్చుని పొద్దుపోయేదాకా కూర్చునే ఉన్నాడు. మరక కనబడకుండా ఒళ్ళో ఒక ఫైలు పెట్టుకున్నాడు.

*

మర్నాడు మూతలక్క కట్టు మార్పించుకోడానికి వెళ్ళే రోజు. పొద్దున్నే అత్తగారు నీళ్ళు కాచింది. బకెట్లో చెయ్యి ముంచి చూసి, ఆ చేత్తోనే కోడలి భుజం తట్టింది, భుజం తడిసింది.

నర్సు తెర లాగి, చూసి, కట్టు ఏదని అడిగింది. తడి తగలనివ్వద్దన్నానా అని విసుక్కుంటూనే వంగి చూసి ఆగిపోయింది. ఇది పాకిందేమిటి అంది.

దారి పొడుగునా మూతలక్క రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుని వచ్చింది. ఏది ముందు నోట్లోకి వస్తే అది చెబుదామనుకుంది. వచ్చింది వేడినీళ్ళే. నాలిక మీదికి వచ్చి నిలబడింది. మింగేసింది.

"వేడినీళ్ళు కాదు సిస్టర్. గడ్డిమందు. సీసా మోకాళ్ళ మధ్య పెట్టుకుంటేగానీ మూత బిగియదు. చుక్క ఒళ్ళో పడుతుంది. మా నలుగురికీ ఉంది."

నర్సు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ మాట ముందే చెబితే అలా కట్టి పంపేదాన్ని కాదు కదా అంది, తిట్టినట్టు కాకుండా, తనలో తను అనుకున్నట్టు. ఇవాళ డాక్టరు వస్తాడు, చెబుతానంది. కానీ ఇదివరకు వేడినీళ్ళన్నావు, ఇప్పుడు మందంటున్నావు. సూపర్‌వైజరుని అడుగుతారు, ఆయన కాదంటే నీ మాట ఒక్కటే మిగులుతుంది, ఆలోచించుకో అంది. మూతలక్కకి ఆలోచించుకోవడానికి ఏమీ మిగల్లేదు. మాట బయటికి వెళ్ళిపోయింది. స్టూలు కూడా దాని వెనకే వెళ్ళిపోతున్నట్టు కనిపించింది.

అప్పుడే బయటి తలుపు చప్పుడైంది. నర్సు తెర దగ్గరగా లాగి అవతలికి వెళ్ళింది. తెర కిందనుంచి మూతలక్కకి రెండు పాదాలు కనిపించాయి. పాలిష్ చేసిన బూట్లు. వాటి మీద ప్యాంటు వదులుగా, నలిగి, మడత అన్నది లేకుండా వేలాడుతోంది. రెండు బూట్లూ ఒకదానికొకటి దూరదూరంగా ఉన్నాయి. ఒక కాలితో ఒక కాలికి మాటల్లేనట్టు.

కూర్చోండి సార్ అంది నర్సు. ఫర్వాలేదు, నిలబడతానన్న గొంతు ఇస్త్రీ సారుది.

"ఏమైంది సార్?"

బూట్లు ఒకసారి నేలకి రాసుకున్నాయి.

"వేడినీళ్ళు," అన్నాడు ఆయన. "ఇంట్లో."

కొత్త అబద్ధం ఒకటి కట్టుకునే ఓపిక కూడా ఆయనకి లేనట్టుంది. రాత్రంతా నిద్రపోని మనిషి గొంతు అది. మూతలక్కకి ఆ గొంతు తెలుసు. ఈ మధ్య తనది అలాగే ఉంటోంది.

నర్సు తెర వైపు ఒకసారి తిరిగినట్టుంది, చెప్పులు కిర్రుమన్నాయి. తర్వాత అలమర తెరిచిన చప్పుడు. ఆయింట్‌మెంటు మూత. పట్టీ చర్రున చిరిగింది.

ఆ చప్పుడుకి మూతలక్క తొడ దానంతటదే ముడుచుకుంది. ఊరుకోవచ్చు. నిన్న చెప్పింది, ఆయన వినలేదు. ఇవాళ కూడా చెప్పాలని ఎక్కడా లేదు. ఆమె తెర వెనకి పరీక్ష బల్ల మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"సిస్టర్, ఆయనకి కట్టకండి," అంది తెర ఇవతలి నుంచి. "కట్టేస్తే లోపల పాకుతుంది. కడగాలి. చాలాసేపు కడగాలి."

అవతల పట్టీ చప్పుడు ఆగింది. పాలిష్ బూట్లు మాత్రం కొంచెం తెర వైపు తిరిగాయి.

"వేడినీళ్ళకైతే కట్టొచ్చు సార్," అంది నర్సు మెల్లగా, పట్టీ చేతిలోనే ఉంచుకుని. "ఇంకేదైనా అయితే కట్టకూడదు. మళ్ళీ అడుగుతున్నాను, ఏం పడింది?"

గేటు దగ్గర ఎవరిదో సైకిలు గంట మోగింది. ఆయన ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు, ఊపిరి పళ్ళ మధ్య నుంచి లోపలికి లాగాడు.

"సీసా," అన్నాడు. "మోకాళ్ళ మధ్య… ఆవిడ చెప్పినట్టే."

నర్సు పట్టీని అలమరలో పడేసింది. ఆయింట్‌మెంటు మూత పెట్టేసింది. డాక్టరుకి ఇద్దరిదీ ఒకటే చెబుతానంది.

"ఆ స్టాండ్లు రిపేరుకేం వెళ్ళలేదు," అన్నాడు ఆయన, ఎవరూ అడక్కుండానే. గోడకి చెప్తున్నాడో తెరకి చెప్తున్నాడో తెలియదు. "స్టోర్లోనే ఉన్నాయి. వాటితో ఆలస్యమవుతుందని పెద్దాఫీసు తీసెయ్యమంది. నేనే విప్పించాను."

మూతలక్క చెయ్యి జడ మీదికి పోయింది. బోల్టుల కన్నాల్లో తను గుచ్చుకున్న జడపిన్నులు గుర్తొచ్చాయి. వాటిని తీసి ఇంకెక్కడ పెట్టుకోవాలా అనుకుంది.

అవతల నర్సు కుళాయి తిప్పింది. బకెట్లో నీళ్ళు పడుతున్నాయి, ముందు గట్టిగా మోగుతూ, నిండే కొద్దీ మెత్తబడుతూ. ఒకటి నిండాక ఇంకోటి పెట్టిన చప్పుడైంది. మూతలక్క వింటూ పడుకుంది. నలుగురి సంగతీ డాక్టరు ఏమంటాడో, పైనుంచి వచ్చేవాళ్ళు ఏమంటారో, స్టూలు ఉంటుందో ఊడుతుందో సాయంత్రానికి గానీ తెలియదు. అత్తగారికి చెప్పడానికి మాత్రం ఒక కబురు ఇప్పటికే దొరికింది. ఆవిడ నీళ్ళ మీద పడిన నిందను సూపర్‌వైజరే స్వయంగా తన నోటితో తీసేశాడని చెప్పాలి. అది కూడా రాత్రంతా నిలబడి ఆలోచించుకున్నాక.